యేగర్‌స్టెట్టర్ ‘చేయను’ అన్న తీరు

"ఎప్పుడో చనిపోయిన వేదసాక్షుల (క్రీస్తు విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ళ) జీవితం, నెల జీతం మీద బతికే మాకు ఏం పనికొస్తుంది?" అని అడిగారు. పనికొస్తుంది. కానీ పండుగ ప్రసంగాల్లో చెప్పే పద్ధతిలో వింటే మాత్రం పనికిరాదు. మనవాళ్ళు కథ ఎత్తుకోగానే కత్తి, రక్తం, పరలోక కిరీటం దగ్గరికి పరుగెడతారు. అంతకుముందు ఐదారేళ్ళు ఆ మనిషి ఏం చేశాడో చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆస్ట్రియా రైతు ఫ్రాంజ్ యేగర్‌స్టెట్టర్‌నే తీసుకోండి. 1907లో సాంక్ట్ రాడెగుండ్ అనే పల్లెలో పుట్టాడు. కుర్రతనంలో ఊళ్ళో మొదటి మోటార్‌సైకిల్ ఆయనదే. పెళ్ళికి ముందే ఒక కూతురు. ప్రసంగాల్లో ఇవి దాటేస్తారు, పునీతులంటే (సెయింట్లంటే) ఊయలలోంచే జపమాల పట్టుకోవాలి కాబోలు! 1936లో ఫ్రాంజిస్కాను పెళ్ళాడాక మనిషి కుదురుకున్నాడు. తర్వాత గుడి పరిచారకుడిగా కూడా పనిచేశాడు.

1938 ఏప్రిల్ 10న, ఆస్ట్రియాను జర్మనీలో కలపడంపై ఓటింగ్‌లో ఊరు మొత్తం మీద ‘వద్దు’ అన్నది ఆయనొక్కడే. అధికారులు ఆ ఓటును మింగేసి నూటికి నూరు శాతం ‘సరే’ అని ప్రకటించారు. ఆ తర్వాత నాజీల చందాలకు పైసా ఇవ్వలేదు, ప్రభుత్వం పిల్లలకిచ్చే భత్యం తీసుకోలేదు. నా లెక్కలో అసలు పాఠం ఇదే. చిన్న మొత్తం వదులుకోవడం అలవాటు లేనివాడు పెద్దది అడిగిన రోజున నిలబడలేడు.

పుట్టు మొండివాడేం కాదు. 1940లో సైన్యంలోకి పిలిస్తే వెళ్ళాడు, ప్రమాణం చేశాడు, డ్రైవర్‌గా శిక్షణ కూడా పొందాడు. వ్యవసాయానికి అవసరమని ఊరి పెద్దలు 1941లో వెనక్కి రప్పించారు. లోపలినుంచి చూసి వచ్చాకే, మళ్ళీ పిలిస్తే వెళ్ళనని తేల్చుకున్నాడు.

తేల్చుకున్నాక కూడా నోరు మూసుకుని కూర్చోలేదు. తన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని లింజ్ మేత్రాణుల (బిషప్) దగ్గరికి వెళ్ళాడు. ఇది అన్యాయపు యుద్ధమని తెలిసీ పోరాడితే పాపం కాదా అన్నది వాటి సారం. ఫ్రాంజిస్కా బయట కూర్చుంది. లోపల దొరికిన జవాబు: ప్రభుత్వం చేసేదానికి నీ బాధ్యత లేదు, నీ బాధ్యత నీ కుటుంబం. దిగులు ముఖంతో బయటికి వచ్చి, వాళ్ళకే ధైర్యం లేదు, మాట్లాడితే తమ వంతు వస్తుందని భయం అన్నట్టు భార్యతో చెప్పాడు. ఎవరి మీదా కేకలు లేవు. వెళ్ళి మళ్ళీ అదే గుడిలో పని చేసుకున్నాడు.

మళ్ళీ పిలుపు వచ్చాక, 1943 మార్చిలో ఎన్స్ బ్యారక్స్‌కి తానే వెళ్ళి, ఆయుధం పట్టనని చెప్పాడు. వైద్య సేవకుడిగా అయితే చేస్తానన్నాడు. ఒప్పుకోలేదు. జూలై 6న బెర్లిన్‌లో మరణశిక్ష, ఆగస్టు 9న బ్రాండెన్‌బుర్గ్‌లో తల తీశారు. ఫ్రాంజిస్కాకు పుట్టిన ముగ్గురు ఆడపిల్లల్లో పెద్దదానికి ఇంకా ఆరేళ్ళు నిండలేదు.

ఇక మీ ఆఫీసు సంగతి. పై అధికారి దొంగ బిల్లు మీద సంతకం పెట్టమన్నాడనుకోండి. మొదట అభ్యంతరం రాసి పెట్టుకోండి, తెలిసినవాళ్ళని అడగండి, చేయగలిగిన ఇంకో పని చూపించండి, ఇంట్లో ముందే చెప్పండి. చాలామంది చివరిది వదిలేస్తారు. జీతం ఆగాక ఇంట్లోవాళ్ళకి తెలిస్తే సగం ధైర్యం అక్కడే పోతుంది. ఫ్రాంజిస్కా మొదట మనసు మార్చుకోమని బతిమాలింది, తర్వాత ఆయన పక్షానే నిలిచింది. అది మాటల్లో పెట్టి చెప్పుకున్నందువల్లే.

చేశాక చప్పట్లు కొడతారని మాత్రం అనుకోకండి. ఆమెకు 1950 దాకా పింఛను ఇవ్వలేదు. ఆయన గురించి మేత్రాసన (బిషప్ పరిధిలోని ప్రాంతం) పత్రికలో వ్యాసం వేయడానికి 1946లో అదే మేత్రాణులు ఒప్పుకోలేదు. 1960లలో ఒక అమెరికన్ సమాజశాస్త్రవేత్త తవ్వి తీస్తే గానీ లోకానికి తెలియలేదు. బెర్లిన్ కోర్టు ఆ తీర్పును రద్దు చేసింది 1997లో.

2007 అక్టోబర్ 26న లింజ్‌లోనే ధన్యుడిగా, అంటే పునీతుడికి ముందు మెట్టుగా, ప్రకటించారు, ఫ్రాంజిస్కా ఉండగానే. వేదసాక్షికి ఆ మెట్టు దాకా అద్భుతం అక్కర్లేదు. పునీతుడు కావాలంటే ఒకటి కావాలి, అందుకే ఇంకా ‘ధన్య’ అనే అంటున్నాం. పండుగ మే 21, ఆయన జ్ఞానస్నానం పొందిన రోజు. మీ విచారణలో (పారిష్‌లో) ఆ రోజు ప్రసంగం ఉంటే, లింజ్‌లో జరిగిన ఆ సంభాషణ కూడా చెప్పమని ఫాదర్‌గారిని అడగండి.