పొద్దున్నే సిలిండర్ మీద మంచు పడుతోంది, మంట తగ్గిపోతోంది. లీకేజీనా? వేడినీళ్లు పోయొచ్చా?

పలమనేరులో టిఫిన్ హోటల్. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యిలు వెలిగిస్తే గంటలోపే 19 కిలోల సిలిండర్ కింది సగానికి తెల్లగా మంచు పడుతుంది, మంట కుంగిపోతుంది, ఊపి చూస్తే లోపల గ్యాస్ ఉన్నట్టే ఉంది. ఇదీ అన్న అడిగింది.

లీకేజీ కాదన్నా. చలిని కూడా పూర్తిగా తప్పు పట్టలేం. ఒక్క సిలిండర్‌కు మూడు పొయ్యిలు తగిలించడమే అసలు తప్పు.

"గ్యాస్ గడ్డకట్టింది" అంటారు చాలామంది. బ్యూటేన్ గడ్డకట్టాలంటే మైనస్ 138 డిగ్రీలు కావాలి, ప్రొపేన్‌కు ఇంకా కిందికి పోవాలి. మీరు చూసే మంచు బయటి గాలిలోని తేమ. లోపల ద్రవంగా ఉన్న గ్యాస్ ఆవిరైతేనే పొయ్యికి వస్తుంది. ఆ ఆవిరికి కావలసిన వేడిని ద్రవం నుంచీ ఇనుము నుంచీ లాగేసుకుంటుంది, మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే. కిలో గ్యాస్ ఆవిరి కావడానికి పట్టే వేడిని సున్నా డిగ్రీల నీళ్లలోంచి తీసేస్తే లీటరు నీళ్లు ఐసైపోతాయి. మామూలుగా చుట్టూ ఉన్న గాలి ఆ వేడిని తిరిగి ఇస్తుంది. ధనుర్మాసం తెల్లవారుజామున ఆ గాలే చల్లగా ఉంటుంది, ఇవ్వడానికి దాని దగ్గర పెద్దగా ఏమీ ఉండదు.

దీనికి తోడు మన సిలిండర్లో ఉండేది ఒట్టి ప్రొపేన్ కాదు, బ్యూటేన్ కలిసిన మిశ్రమం. ప్రొపేన్ మైనస్ 42 దాకా మరుగుతుంది. బ్యూటేన్ సున్నా దగ్గరికి వచ్చేసరికే చతికిలబడుతుంది. ముందు ఎక్కువగా ప్రొపేనే వెళ్లిపోతుంది కాబట్టి అడుగున మిగిలేదానిలో బ్యూటేన్ పాలు ఎక్కువ. భట్టీ పొయ్యికి హై ప్రెషర్ కావాలి, ఆ చల్లటి బ్యూటేన్‌కు తోసే బలం ఉండదు. సిలిండర్ అయిపోయిందని వాపసు ఇచ్చేస్తారు, అందులో కిలోనో రెండు కిలోలో మిగిలే ఉంటుంది. ఆ డబ్బు మీదే.

లెక్క చూడండి. చలి రోజుల్లో ఒక 19 కిలోల సిలిండర్ నుంచి ఆగకుండా గంటకు అరకిలో, మహా అయితే ముప్పావు కిలో వస్తుందనుకోవాలి. ఇడ్లీ పాత్ర, సాంబారు, దోసె పెనం మూడూ ఒక్కసారి మండితే గంటకు రెండున్నర కిలోలు లాగేస్తాయి. అంటే కనీసం నాలుగు సిలిండర్లు ఒకేసారి తెరిచి ఉండాలి. మానిఫోల్డ్, అంటే సిలిండర్లన్నిటినీ కలిపే ఒకే పైపు లైను, వేయించుకోండి: ఒక్కో సిలిండర్‌కు ఒక పిగ్‌టెయిల్ (సిలిండర్‌ను లైనుకు కలిపే చిన్న గొట్టం), ఒక నాన్ రిటర్న్ వాల్వ్ (గ్యాస్ వెనక్కి పోకుండా ఆపేది), చివర ఒకే పెద్ద రెగ్యులేటర్. ఒకదాని తర్వాత ఒకటి తెరిస్తే లాభం లేదు, నాలుగూ కలిసి ఇవ్వాలి. తిరుపతిలో వైకుంఠ ఏకాదశి రద్దీకి పొయ్యిలు పెంచి, సిలిండర్లు మాత్రం పెంచని హోటళ్లకూ ఇదే గతి.

వేడినీళ్లు పోయొద్దు. ఒకపక్క ఇనుము సున్నా డిగ్రీల్లో ఉంటే ఇంకోపక్క మరుగుతున్న నీళ్లు పడతాయి, లోపల ప్రెషర్ ఎంతకు పోతుందో మీ చేతిలో ఉండదు. మామూలు నీళ్ల టబ్బులో నిలబెట్టడం ప్రమాదం కాదు కానీ అడుగు రింగు తుప్పు పడుతుంది, రోజూ చేసే పని కాదు. కొందరు క్యాటరింగ్ వాళ్లు సిలిండర్ కింద నిప్పులు పెడతారు, వాళ్లకు చెప్పేదేమీ లేదు. పడుకోబెట్టడం కూడా అంతే చెడ్డది: ద్రవమే రెగ్యులేటర్లోకి వచ్చేస్తుంది, అది గ్యాస్ అయితే 250 రెట్లు పెరుగుతుంది, పొయ్యి మీద మంట మనిషెత్తు లేస్తుంది.

ఇక అసలు లీకేజీని ఎట్లా గుర్తుపట్టాలి? లోపల ద్రవం ఎంత ఎత్తుందో అక్కడి దాకా సమంగా గీత గీసినట్టు మంచు ఉంటే భయం లేదు. వాల్వ్ దగ్గరో, జాయింట్ దగ్గరో ఒక్కచోటే మంచు కట్టి, బుస్సుమని చప్పుడు వస్తే అది లీకే. వెంటనే వాల్వ్ కట్టేయండి. చలికి రబ్బరు బిరుసెక్కుతుంది. వాల్వ్ లోపలి వాషర్ పగిలి ఉంటే రెగ్యులేటర్ పెట్టి ఆన్ చేసినప్పుడే కారుతుంది, తీసేస్తే ఆగిపోతుంది, అందుకే చాలామంది కనిపెట్టలేరు. అరగ్లాసు నీళ్లలో చెంచాడు సబ్బు ద్రవం కలిపి, పొయ్యి నాబ్‌లన్నీ కట్టేసి, వాల్వ్ తెరిచి, ప్రతి జాయింట్‌కూ బ్రష్‌తో పూయండి. బుడగ పెరిగితే దొరికినట్టే. అగ్గిపుల్లతో చూడొద్దు. మానిఫోల్డ్‌కు ప్రెషర్ చూపించే గేజ్ ఉంటే లైను నింపి, సిలిండర్లు కట్టేసి పది నిమిషాలు ముల్లును చూడండి. తెల్లవారుజామున చలికి ముల్లు కొంచెం దిగడం సహజం, ఆగకుండా దిగుతుంటే లీకు.

రెగ్యులేటర్ మూత మీద చిన్న గాలి రంధ్రం ఉంటుంది. అది కిందికి చూసేట్టు బిగించాలి. దానిలో నీళ్లు నిలిచినా, పురుగు మట్టితో గూడు కట్టినా ప్రెషర్ ఎగుడుదిగుడు అవుతుంది. రెగ్యులేటర్ మీద మంచు పడితే పొడిగుడ్డతో తుడవండి, సుత్తితో కొట్టొద్దు.

చలికని తలుపులు, కిటికీలు బిగించుకోవడం ఇంకో పెద్ద తప్పు. గ్యాస్ గాలికన్నా బరువు, నేలమీదే పరుచుకుంటుంది. గోడ కింది భాగంలో జాలీ ఉండాలి. డిటెక్టర్ పెడితే నేలకు అడుగు ఎత్తులో పెట్టండి, పైకప్పు దగ్గర పెట్టి ఏం లాభం? జలుబు చేసిన వంట మాస్టరుకు వాసన తెలియదని కూడా గుర్తుంచుకోండి. వాసన వస్తే స్విచ్ వేయడం, తీయడం రెండూ చేయకుండా వాల్వ్ కట్టి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి.

ఇళ్లలో చలికాలం స్నానానికి గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టుకునేవాళ్లకు లీకు కన్నా పెద్ద గండం వేరే ఉంది. మంటకు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసనే లేదు. గీజర్ బయట గోడకు, వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి.