రష్యన్‌కి తెలుగు మీదుగా దారి

ప్రశ్న: బీఏ రష్యన్ మొదటి సెమిస్టర్. ఇంగ్లిష్‌లో అనుకుని రష్యన్‌లోకి మార్చి రాస్తున్నాను, వాక్యం వాక్యమూ తప్పే. ఆరు విభక్తులూ కలగాపులగం అయిపోతున్నాయి. — విద్యార్థిని, గుంటూరు

జవాబు: ముందు మధ్యలోంచి ఇంగ్లిష్‌ని తీసేయండి. 'ఐ హావ్ ఎ బుక్'ని మాటకు మాట మారిస్తే అతకదు. 'నా దగ్గర పుస్తకం ఉంది' అనుకోండి, 'ఉ మిన్యా యెస్త్ క్నీగ' అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. 'ఓన్ స్తుద్యెంత్' అంటే 'అతను విద్యార్థి'. చివర క్రియ మనకూ లేదు, వాళ్లకూ లేదు. 'మ్న్యే ఖోలద్న' అంటే 'నాకు చలిగా ఉంది', 'మ్న్యే ద్వాత్సత్ ల్యెత్' అంటే 'నాకు ఇరవై ఏళ్లు'.

అయితే మన 'కి' దగ్గర జాగ్రత్త. 'బడికి' అనగానే చతుర్థి అనిపిస్తుంది, కానీ రష్యన్‌లో ఒక చోటికి వెళ్లేటప్పుడు ద్వితీయ వాడాలి: 'వ్ ష్కోలు'. అదే బడిలో ఉంటే 'వ్ ష్కోల్యె'. మనిషి దగ్గరికి వెళ్తేనే చతుర్థి: 'క్ వ్రచూ', డాక్టరు దగ్గరికి. 'నాకు జ్వరం' అన్నా 'మ్న్యే' రాదు, 'ఉ మిన్యా తెంపెరతూర' అనాలి.

పట్టిక ఒక్కటే బట్టీ పడితే పని జరగదు. మూడు లింగాలకూ ఒక్కో నామవాచకం తీసుకుని, ముందు ఓ విశేషణం తగిలించి, ఆరు విభక్తుల్లోనూ చిన్న వాక్యాలు రాయండి. మన 'పెద్ద' ఎక్కడున్నా 'పెద్ద'యే. వాళ్లది మారుతుంది: 'బల్షోయ్ దోమ్' పెద్ద ఇల్లు, 'వ్ బల్షోమ్ దోమ్యె' పెద్ద ఇంట్లో. నామవాచకం సరిగా మార్చి విశేషణాన్ని వదిలేస్తే మార్కులు పోయినట్టే.

ప్రశ్న: కథ చదువుతూ డిక్షనరీ తీస్తే సగం మాటలు దొరకవు. ఎందుకు? — విశాఖపట్నం

జవాబు: 'ఇంట్లో' కోసం తెలుగు నిఘంటువు తిరగేస్తే దొరుకుతుందా? 'ఇల్లు' వెతకాలి. అలాగే 'ద్న్యా'ను 'ద్యేన్' (రోజు) కింద, 'షోల్' (నడిచి వెళ్లాడు) అన్నదాన్ని 'ఇత్తీ' కింద చూడాలి. అచ్చులో 'యో' అక్షరం మీది రెండు చుక్కలు తరచూ వదిలేస్తారు. దాంతో 'వ్స్యే' (అందరూ), 'వ్స్యో' (అంతా) కంటికి ఒకేలా కనిపిస్తాయి.

నోట్సులో క్రియల్ని జంటగానే రాసుకోండి. 'చితాత్' చదవడం, 'ప్రచితాత్' చదివెయ్యడం. ప్రతి మాట మీదా ఊనిక గుర్తు కూడా పెట్టండి. అక్షరాలు అవే అయినా ముందు అచ్చు మీద ఊనితే 'జామక్', కోట. రెండోదాని మీద ఊనితే 'జమోక్', తాళం.

ప్రశ్న: రష్యా వెళ్లి డిగ్రీ చదవాలంటే భాష ఎంత రావాలి? — కరీంనగర్

జవాబు: రష్యన్ మాధ్యమంలో చేరడానికి టీఆర్‌కేఐ (విదేశీయులకు పెట్టే రష్యన్ భాషా పరీక్ష)లో బీ1 స్థాయి, అంటే సుమారు 2,300 మాటలు. ఏమీ రానివాళ్లకు అక్కడ సాధారణంగా ఏడాది సన్నాహక కోర్సు ఉంటుంది.

ప్రశ్న: నవలలో ఒకే మనిషికి నాలుగు పేర్లు! ఎవరు ఎవరో తెలియక పేజీలు వెనక్కి తిప్పుతున్నాను. — హైదరాబాద్

జవాబు: పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, పైన ముద్దుపేరు. తండ్రి ఇవాన్ అయితే కొడుకు ఇవానవిచ్, కూతురు ఇవానవ్న. సాషా అన్నది అలెక్సాందర్‌కీ, అలెక్సాంద్రకీ కూడా ముద్దుపేరే. ఒక చీటీ మీద మనిషికో వరుస వేసి, కొత్త పిలుపు వచ్చినప్పుడల్లా చేర్చి పుస్తకంలోనే పెట్టుకోండి. ఏ పిలుపు ఎవరి నోట వచ్చిందో కూడా రాయండి, చనువూ దూరమూ అందులోనే తెలుస్తాయి. పేరు, తండ్రి పేరు కలిపి పిలిస్తే తోడుగా 'వి' (మీరు) వస్తుంది, ముద్దుపేరుతో సాధారణంగా 'తి' (నువ్వు).

రష్యన్ కవి పుష్కిన్ 1828లో ఎనిమిది పాదాల కవిత ఒకటి ఈ రెండు మాటల మీదే రాశాడు. ఆమె నోరు జారి 'మీరు' అనబోయి 'నువ్వు' అంటుంది, అతని ఆశలన్నీ లేచి కూర్చుంటాయి. ఇంగ్లిష్ అనువాదంలో రెండూ 'యూ' అయిపోయి ఆ చమత్కారం ఎగిరిపోతుంది. తెలుగులో చెప్పి చూడండి: పైకి 'మీరెంత ముచ్చటగా ఉన్నారు' అంటాడు, లోపల 'నువ్వంటే నాకెంత ప్రేమో' అనుకుంటాడు.