స్వలింగ వివాహానికి రాష్ట్రమే చట్టం చేయగలదా? సియాటెల్‌లో నేను చూసింది

ప్రశ్న రెండు ముక్కలుగా ఉంది: స్వలింగ వివాహానికి రాష్ట్రం చట్టం చేయగలదా, పెళ్లి బదులు పార్ట్‌నర్‌షిప్ హక్కులు, అంటే జంటగా నమోదు చేసుకుంటే వచ్చే హక్కులు ఇస్తే సరిపోదా అని. 2012లో నేను సియాటెల్ పక్కన రెడ్‌మండ్‌లో ఉద్యోగం చేసేవాణ్ణి. ఆ ఏడాదంతా వాషింగ్టన్ రాష్ట్రంలో ఇదే చర్చ.

అక్కడ స్వలింగ జంటలకు 2007 నుంచే పార్ట్‌నర్‌షిప్ రిజిస్ట్రేషన్ ఉంది. 2009లో రాష్ట్రం చేతిలో ఉన్న హక్కులు దాదాపు అన్నీ ఇచ్చేశారు, పెళ్లి అన్న మాట తప్ప. ఆ ఒక్క మాట కోసం ఇంత పట్టుదల దేనికని నాకూ అనిపించేది. లంచ్‌లో మా టీమ్‌లో ఒకాయనతో అదే అన్నాను. ఆయన, ఆయన భాగస్వామి అప్పటికి పన్నెండేళ్లుగా కలిసి ఉంటున్నారు.

ఆయన కోప్పడలేదు. పర్సులోంచి నాలుగు మడతల జిరాక్స్ కాగితం తీసి టేబుల్ మీద విప్పాడు. మడతల దగ్గర అరిగిపోయి ఉంది, చిరిగినచోట టేపు వేశాడు. వాళ్ల పార్ట్‌నర్‌షిప్ సర్టిఫికెట్ అది. భాగస్వామిని ఎమర్జెన్సీలో చేర్చిన రాత్రి, "పేషెంట్‌కి మీరేమవుతారు?" అని కౌంటర్‌లో అడిగారట. చెప్పినా వాళ్లకు అర్థం కాలేదట. ఇంటికెళ్లి ఈ కాగితం తెచ్చి చూపించేదాకా లోపలికి పంపలేదట. అప్పట్నుంచి అది పర్సులోనే ఉంటోంది. "నువ్వెప్పుడైనా మీ పెళ్లి సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని తిరిగావా?" అని అడిగాడు. మా ఆవిడను హాస్పిటల్‌లో చేర్చినప్పుడు నేను "భార్య" అన్నాను, అంతే. రుజువు ఎవరూ అడగలేదు. నా మనసు మారింది ఆ టేబుల్ దగ్గరే.

2012 ఫిబ్రవరిలో బిల్లు సెనేట్‌లో 28-21తో, ప్రతినిధుల సభలో 55-43తో నెగ్గింది. రిపబ్లికన్ సభ్యురాలు మొరీన్ వాల్ష్ తన కూతురి గురించి చెబుతూ బిల్లుకు మద్దతుగా చేసిన ప్రసంగం మా ఆఫీసులో అందరూ చూశారు. 13న గవర్నర్ క్రిస్టీన్ గ్రెగోయిర్ సంతకం పెట్టారు. అయితే వ్యతిరేకులు ఓటర్ల సంతకాలు సేకరించి అమలు ఆపించారు. నవంబర్‌లో రెఫరెండం 74 పేరుతో జనమే ఓటేశారు.

నేను హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నాను కాబట్టి నాకు ఓటు లేదు. చూస్తూ ఉన్నాను. మా ఎదురింటి పెద్దావిడ ముంగిట్లో ఆ చట్టాన్ని తిరస్కరించమని "రిజెక్ట్" బోర్డు పెట్టింది. చాలా మంచి మనిషి, పెరట్లో కాసినవి మాకు తెచ్చి ఇచ్చేది. ఇలాంటి పెళ్లిళ్లు మా చర్చిలో కూడా చేయాల్సి వస్తుందేమో అన్నది ఆవిడ భయం. నిజానికి ఏ మతగురువునూ బలవంతపెట్టకూడదని చట్టంలోనే రాశారు. ఆ ముక్క ఆవిడకు ఇంటికొచ్చి చెప్పినవాళ్లు లేరు. ఇలాంటి చట్టం నిలవాలంటే ఆ పని ముందు జరగాలని నాకు గట్టిగా అనిపించింది.

దాదాపు 54 శాతం మంది ఒప్పుకున్నారు. మెయిన్, మేరీల్యాండ్ రాష్ట్రాల్లో కూడా అదే రోజు జనం ఓటుతో నెగ్గింది. డిసెంబర్ 6 అర్ధరాత్రి సియాటెల్‌లో లైసెన్సులు ఇవ్వడం మొదలైంది. మొదటిది అందుకున్న ఇద్దరు మహిళల వయసు 85, 77. వాళ్లు 35 ఏళ్లుగా కలిసి ఉన్నారు.

రాష్ట్ర చట్టానికి ఒక హద్దు ఉంది, అది మర్చిపోకూడదు. 1996 నాటి కేంద్ర చట్టం వల్ల వీసాలకు, ఫెడరల్ పన్నులకు ఆ పెళ్లిళ్లు చెల్లలేదు. మా ఆవిడ పెళ్లి సర్టిఫికెట్ చూపించి నా మీద ఆధారపడినవాళ్లకు ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చింది. స్వలింగ జంటలకు ఆ దారి 2013 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాకే తెరుచుకుంది.

ఇక మన సంగతి. హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ తదితరులు వేసిన కేసులో 2023 అక్టోబర్ 17న మన సుప్రీంకోర్టు ఈ విషయం చట్టసభలు తేల్చాలంది. పెళ్లి మన రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి శాసనసభ కూడా చట్టం చేయవచ్చు. కేంద్ర చట్టంతో పొసగకపోతే మాత్రం రాష్ట్రపతి ఆమోదం కావాలి. అంటే ఈ మాట పార్లమెంటునే కాదు, మీ ఎమ్మెల్యేను కూడా అడగవచ్చు.