తుపాకీ లేదు, సీసమే ఉంది: హెచ్-1బీ మీద ఉండి తూటాలు తయారుచేసుకోవచ్చా?

సందేహం: అమెరికాలోని టెక్సాస్‌లో ఎనిమిదేళ్లుగా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్నాను. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదమైంది, గ్రీన్ కార్డు వరుసలో ఉన్నాను. పక్కింటి పెద్దాయన ఒకరు నన్ను షూటింగ్ రేంజికి తీసుకెళ్తుంటారు. ఆయన .38 స్పెషల్ రివాల్వర్‌తోనే కాలుస్తాను. కాల్చాక మిగిలిన ఇత్తడి తొడుగులు తెచ్చుకుని కడిగి దాచుకుంటాను. టైర్లకు కొట్టే పాత సీసం బరువులు మా గ్యారేజీలో కరిగించి, ఆయన ఇచ్చిన అచ్చులో గుండ్లు పోస్తాను. ప్రైమరు (నిప్పు రాజేసే చిన్న మూత), తుపాకీ మందు పెట్టి తూటా పూర్తిచేయడం ఆయన ఇంట్లో, ఇద్దరం కలిసి. నాకు సొంత తుపాకీ లేదు. దీనికి లైసెన్సు కావాలా? స్నేహితులకు ఖర్చు మేరకు తీసుకుని ఇవ్వవచ్చా? సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు లైసెన్సున్న నాన్నగారి రివాల్వర్‌కు కూడా ఇలా చేసిపెట్టవచ్చా?

జవాబు: మీరు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి అమెరికా కేంద్ర చట్టం ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పోత సీసం గుండ్ల మీద ప్రత్యేక నిషేధం కూడా లేదు. కవచాన్ని చీల్చే తూటాల జాబితాలో ఉక్కు, ఇనుము, కంచు, టంగ్‌స్టన్ మిశ్రమం లాంటివి ఉన్నాయి కానీ మామూలు సీసం లేదు. మీ పక్కింటాయన ఇన్నేళ్లుగా నిశ్చింతగా చేసుకుంటున్నది అందుకే.

చిక్కంతా మీరు అడగని ప్రశ్నలో ఉంది. ఆయన పౌరుడు. మీరు నాన్ ఇమిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలికంగా ఉండటానికిచ్చే వీసా మీద వచ్చినవారు. అమెరికా కోడ్ 18వ టైటిల్‌లోని 922(జి)(5) సెక్షన్, అలాంటి వీసాతో ప్రవేశించినవారి దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదంటుంది. హెచ్-1బీ, వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4, విద్యార్థుల ఎఫ్-1, కంపెనీ బదిలీల ఎల్-1 అన్నీ ఇందులోకే వస్తాయి. శిక్ష గరిష్ఠంగా 15 ఏళ్లు. 2022 జూన్‌కు ముందు 10 ఏళ్లుండేది, పెంచారు.

"నా దగ్గర తూటాలు లేవు, సీసమూ ఖాళీ ఇత్తడీ మాత్రమే ఉన్నాయి" అంటారు. మనవాళ్లు బోర్లా పడేది సరిగ్గా ఇక్కడే. మామూలు భాషలో తూటా అంటే పేలడానికి సిద్ధంగా ఉన్నది. 921 సెక్షన్ ఇచ్చిన నిర్వచనం అలా లేదు. నింపిన తూటాతో పాటు తొడుగులు, ప్రైమర్లు, గుండ్లు, తుపాకీలో వాడే మందు, వీటిలో ఏ ఒక్కటైనా చట్టం దృష్టిలో తూటాయే. విడిగా ఉన్నా సరే, మందు లేకపోయినా సరే.

మీ గ్యారేజీలోకి ఒకసారి వెళ్దాం. బకెట్లో ఉన్న టైరు బరువులు వట్టి లోహం. గిన్నెలో కరుగుతున్న సీసమూ లోహమే. ఆ జాబితాలో అచ్చు పేరు లేదు. కానీ అచ్చు విప్పి, తట్టగానే మెత్తటి గుడ్డ మీద పడే ఆ వెండిరంగు ముద్ద ఉంది చూశారా, అది గుండు. ఆ క్షణం నుంచి అది నిషిద్ధ వస్తువు. గరిటెడు సీసానికీ నేరానికీ మధ్య ఉన్న దూరం ఆ అచ్చు రెండు చెక్కల మధ్య దూరమంత. పక్కన డబ్బాలో కడిగి ఆరబెట్టిన ఇత్తడి తొడుగుల సంగతీ అంతే. జ్ఞాపకంగా తాళంచెవికి తగిలించుకున్న ఒక ఖాళీ తొడుగు గురించి నేను కోర్టులో వాదించగలను. మళ్లీ నింపడానికి దాచుకున్న రెండు వందల తొడుగుల గురించి వాదించడానికి నా దగ్గర పెద్దగా సరుకు లేదు.

ఇంట్లో పోసిన గుండు రాష్ట్రం దాటలేదు, కేంద్ర చట్టం ఎలా వర్తిస్తుందని కొందరు తెలివిగా అడుగుతారు. ప్రైమరు, మందు, తొడుగు వేరే రాష్ట్రంలో తయారై వచ్చి ఉంటే చాలు, విడిభాగం దాటినా దాటినట్టేనని కోర్టులు అంగీకరించాయి. సొంత తుపాకీ లేకపోవడమూ రక్షణ కాదు. రేంజిలో అరగంట చేతిలో పట్టుకున్నా అది దగ్గర ఉంచుకోవడమే.

నమ్మలేకపోతే రెహైఫ్ కేసు చూడండి. ఫ్లోరిడాలో చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి ఆయన. మార్కులు రాక విశ్వవిద్యాలయం పంపించివేయడంతో వీసా హోదా పోయింది. ఆ తర్వాత రేంజికి వెళ్లి కాల్చినందుకు కేసు పెట్టారు. 2019లో సుప్రీంకోర్టు ఆయనకు అనుకూలంగానే తీర్పిచ్చింది. తన హోదా ఏమిటో నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని చెప్పింది. అది మీకు పనికిరాదు. హెచ్-1బీ మీద ఉన్నానని మీరే ఉత్తరంలో మొదటి వాక్యంగా రాశారు.

జైలు కన్నా నాకు భయం కలిగించేది ఇమిగ్రేషన్ భాగం. 922(జి)(5) కింద శిక్ష పడితే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని తీవ్ర నేరాల తరగతిలో పెడుతుంది. ఆ తరువాత గ్రీన్ కార్డు వరుసలో ఇన్నేళ్లు నిలబడ్డామనే మాటకు విలువ ఉండదు. మీ భార్య హెచ్-4 మీద ఉంటే ఆమె సంగతీ ఆలోచించండి. ఫలానా వస్తువు ఇంట్లో ఉందని తెలిసి, దాని మీద అదుపు ఉంటే, చేత్తో తాకకపోయినా ఆమె దగ్గర ఉన్నట్టే లెక్కకట్టవచ్చు. మీ పెద్దాయనకూ తప్పించుకునే దారి లేదు. మీ హోదా తెలిసి గుండ్లో తొడుగులో ఇస్తే 922(డి) కింద ఆయనదీ నేరమే, శిక్ష కూడా అంతే. మంచి మనసుతో నేర్పుతున్న మనిషి మీదికి తెచ్చిపెట్టకండి.

ఒక మినహాయింపు ఉంది. అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన వేట లైసెన్సు చేతిలో ఉన్న నాన్ ఇమిగ్రెంట్‌కు ఈ నిషేధం వర్తించదు. టెక్సాస్‌లో ఆరు నెలలకు పైగా స్థిరంగా ఉంటున్నారు కాబట్టి స్థానికుల లైసెన్సే తీసుకోవచ్చు, మామూలు లైసెన్సు రుసుము 25 డాలర్లు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేట శిక్షణ కూడా పూర్తిచేయాలి. జింకను కొట్టే ఉద్దేశం లేకపోయినా తీసుకోవచ్చా అని అడగబోతున్నారని తెలుసు. చట్టం అడిగేది లైసెన్సు ఉందా లేదా అనే. కానీ మూడు సంగతులు మరవద్దు. ఇప్పటివరకు చేసినదాన్ని అది కడిగివేయదు. టెక్సాస్ లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. కొత్తది తీసుకోకపోతే సెప్టెంబరు 1న తెల్లవారేసరికి గ్యారేజీలో ఉన్న డబ్బా మళ్లీ నేరమవుతుంది. మూడోది ముఖ్యం. ఉద్యోగం పోయి, ఆ తర్వాత దేశంలో ఉండటానికిచ్చే 60 రోజుల గడువు దాటి, హోదా లేకుండా మిగిలితే వేట లైసెన్సు మిమ్మల్ని కాపాడదు. ఆ మినహాయింపు వీసా మీద ఉన్నవారికే తప్ప చట్టవిరుద్ధంగా ఉన్నవారికి కాదు. ఉద్యోగాలు పోతున్న ఈ రోజుల్లో ఇది ఊరికే చెప్పడం లేదు.

ఇప్పుడు చేయవలసింది: పోత ఆపండి. పోసిన గుండ్లు, తొడుగులు పెద్దాయన వచ్చి తీసుకువెళ్లేలా చూడండి. పోస్టులో పంపవద్దు, అమ్మకానికి పెట్టవద్దు. ఎవరైనా అధికారి తలుపు తడితే అబద్ధం చెప్పకండి, అది విడిగా మరో నేరం. వకీలుతో మాట్లాడాకే జవాబిస్తానని మర్యాదగా చెప్పండి. రేపు గ్రీన్ కార్డు వచ్చాక ఇదంతా నిక్షేపంగా చేసుకోవచ్చు. అప్పుడైనా మీ నగరపు అగ్నిమాపక నిబంధనలు, అద్దె ఒప్పందం చదువుకోండి.

స్నేహితులకు ఇవ్వడం ఇప్పుడు ఎటూ కుదరదు. గ్రీన్ కార్డు తర్వాత ఖర్చు పంచుకోవడం ఒకటి, లాభానికి క్రమం తప్పకుండా అమ్మడం మరొకటి. రెండోది వ్యాపారం. దానికి తూటాల తయారీ లైసెన్సు కావాలి. రుసుము ఏడాదికి 10 డాలర్లే గానీ వెనకాలే 11 శాతం ఎక్సైజ్ పన్ను, తూటా పేలి ఎవరి వేలైనా పోతే నష్టపరిహారం దావా ఉన్నాయి.

ఇక నాన్నగారి రివాల్వర్ మాట. అసలు వద్దు. ఆయన లైసెన్సు ఉంచుకోవడానికి, తయారీకి కాదు. మన ఆయుధాల చట్టం, 1959లో తూటాల విడిభాగాలూ తయారీ యంత్రాలూ తూటాల నిర్వచనంలోనే ఉన్నాయి. 5వ సెక్షన్ లైసెన్సు లేకుండా తయారుచేస్తే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 7 ఏళ్లు, గరిష్ఠం యావజ్జీవం. ఆయనకు కావలసిన తూటాలు లైసెన్సు చూపించి అధీకృత దుకాణంలో కొనుక్కోవాలి.

ప్రయాణానికి సామాను సర్దేటప్పుడు రేంజికి వాడే సంచీని మాత్రం తీయకండి. అడుగున కుట్టు మడతలో ఇరుక్కున్న ఒక్క తూటాతో విమానాశ్రయంలో పట్టుబడినవారు ఉన్నారు. తెలిసి దగ్గర ఉంచుకుంటేనే నేరమని మన సుప్రీంకోర్టు చెప్పిన మాట వాళ్లను చివరికి కాపాడవచ్చు, కానీ ఆ చివర వచ్చేలోపు తిరుగు టికెట్టు తేదీ దాటిపోతుంది.