మూడుసార్లు డీలర్ దగ్గర వదిలినా బాగుపడని కారు లెమన్ లా కిందకి వస్తుందా?

శాన్ హోసేలో కొత్త హైబ్రిడ్ కారు కొని 14 నెలలైందని, 15,500 మైళ్ళు తిరిగిందని, ఫ్రీవే మీద ఉన్నట్టుండి పవర్ పోతోందని రాశారు. డీలర్ మూడుసార్లూ "మాకేం కనపడలేదు" అని తిప్పి పంపాడు, నాలుగోసారి అయితేగానీ లెమన్ లా (పదేపదే రిపేర్‌కి ఇచ్చినా బాగుపడని కారును తయారుచేసిన కంపెనీ వెనక్కి తీసుకోవాలనే చట్టం) వర్తించదట, నిజమేనా అని అడిగారు. నిజం కాదండీ. మీ కారుకు నాలుగుసార్లు అక్కర్లేదు.

ఆ నాలుగుసార్ల లెక్క మామూలు లోపాలకి. నడుపుతుంటే ప్రాణం మీదకి తెచ్చే లోపమైతే కాలిఫోర్నియా చట్టంలో రెండుసార్లు చాలు. ఇవేవీ కాకపోయినా, వారంటీ రిపేర్ల కోసం బండి మొత్తం 30 రోజులకు మించి షాపులో ఉంటే సరిపోతుంది. ఆ రోజులు వరసగా ఉండనక్కర్లేదు. ఇదంతా కొన్న 18 నెలలు లేదా 18,000 మైళ్ళు, ఏది ముందైతే అది, అయ్యేలోపు జరగాలి. అలా జరిగితే చట్టం మీ వైపు మొగ్గుతుంది, కాదని నిరూపించాల్సిన భారం కారు తయారుచేసిన కంపెనీ మీద పడుతుంది. గడువు దాటినంత మాత్రాన హక్కు పోదు. వారంటీలో ఉన్నప్పుడు వచ్చిన లోపమైతే అప్పుడూ అడగొచ్చు, కాకపోతే నిరూపించే పని మీదవుతుంది. మీకింకా 2,500 మైళ్ళే ఉన్నాయి కాబట్టి ఈ వారమే కదలండి.

ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే ఇదంతా నేను పడ్డాను. ఫ్రీమాంట్‌లో 36,000 డాలర్లు పెట్టి కొత్త ఎస్‌యూవీ కొన్నాం. 3,000 మైళ్ళ దగ్గర, 880 ఫ్రీవే మీద మూడో లేన్‌లో ఉండగా ఎంత తొక్కినా ఇంజన్ మోత పెరుగుతోందే తప్ప బండి కదలడం లేదు. వెనక సీట్లో మా పాప. హజార్డ్ లైట్లు వేసి పక్కకి ఎలా తెచ్చానో ఇప్పటికీ గుర్తు తెచ్చుకోలేను.

మర్నాడు డీలర్ దగ్గరకు వెళ్తే సర్వీస్ అడ్వైజర్ ఎంతో మర్యాదగా మాట్లాడి, తానే ఒక రౌండ్ నడిపి చూసి, "బాగానే ఉందండీ, మళ్ళీ వస్తే రండి" అన్నాడు. నేను తాళాలు తీసుకుని వచ్చేశాను. బండి వదిలినప్పుడు రాసిచ్చే రిపేర్ ఆర్డర్ కాగితం అడగలేదు. ఆ తర్వాత 5,000, 7,400, 9,100 మైళ్ళ దగ్గర మూడుసార్లు వదిలాను. 4 రోజులు, 11 రోజులు, 19 రోజులు. మొత్తం 34. మాకు లోనర్ కారు (రిపేర్ అయ్యేదాకా వాడుకోమని డీలర్ ఇచ్చే కారు) ఇచ్చిన రోజుల్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు.

చివరికి కంపెనీ కారు వెనక్కి తీసుకుంది. అయితే బండిని మనం వాడుకున్నందుకు కొంత తగ్గించుకుంటారు. మొదటిసారి రిపేర్‌కి తెచ్చినప్పటి మైళ్ళని 1,20,000తో భాగించి కారు ధరతో గుణిస్తారు. 3,000 మైళ్ళ లెక్కన మాకు పోవాల్సింది 900 డాలర్లు. కానీ ఆ మొదటి రోజుకి కాగితం లేదు కాబట్టి 5,000 మైళ్ళ నుంచి లెక్కేశారు, 1,500 పోయాయి. డబ్బుకంటే బాధనిపించిందేమిటంటే, మేము అంత భయపడిన ఆ రోజు రికార్డులో అసలు లేదు.

అందుకే మీ మూడు రిపేర్ ఆర్డర్లూ ఇవాళే బయటికి తీసి చదవండి. వదిలిన తేదీ, తీసుకున్న తేదీ, ఆ రెండు తేదీల్లో బండి తిరిగిన మైళ్ళు ఉన్నాయా? మీరు చెప్పిన ఫిర్యాదు మీ మాటల్లోనే ఉందా? "ఫ్రీవే మీద పవర్ పూర్తిగా పోయింది" అని మీరు చెబితే, అక్కడ "కస్టమర్ చెకప్ అడిగారు" అని రాసుకుంటారు. అలా ఉంటే అదే లోపానికి మూడుసార్లు వెళ్ళారని రుజువు చేయడం కష్టమవుతుంది. ఏ కాగితమైనా లేకపోతే కాపీ అడిగి తీసుకోండి. "ఏమీ కనపడలేదు" అని రాసి ఉన్నా కంగారు పడకండి, అది కూడా లెక్కకి వస్తుంది. మీరు బండి అప్పగించి అవకాశం ఇచ్చారు, కనిపెట్టలేకపోవడం వాళ్ళ సంగతి.

ఇంకో ముఖ్యమైన పని, డీలర్‌కి చెప్పడం వేరు, కంపెనీకి చెప్పడం వేరు. వారంటీ పుస్తకంలో ఉన్న అడ్రస్‌కి సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం పంపండి. కంపెనీకి రాష్ట్రం గుర్తించిన ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) ఉందేమో కూడా అదే పుస్తకంలో చూడండి, ఉంటే పైన చెప్పినట్టు చట్టం మీ వైపు మొగ్గాలంటే ముందు అక్కడికి వెళ్ళాలి. 2025 నుంచి కొన్ని కంపెనీలకు నోటీసులు, గడువుల పద్ధతి మారింది. మీ కంపెనీ అందులో ఉందో లేదో రాష్ట్ర కన్స్యూమర్ అఫైర్స్ శాఖ జాబితాలో తెలుస్తుంది. లాయర్ ఖర్చుకి భయపడి ఆగకండి, కేసు గెలిస్తే ఆ ఫీజు కంపెనీయే కట్టాలి.

ఈలోగా డీలర్ "ట్రేడ్-ఇన్ చేసేయండి (అంటే ఈ కారు మాకిచ్చి ఇంకోటి కొనుక్కోండి), మంచి రేటు ఇస్తాం" అంటాడు. మాకూ అన్నారు. ఒప్పుకుంటే తరుగుదల మొత్తం మీ నెత్తినే పడుతుంది. చట్టం ప్రకారమైతే కట్టిన ధరతో పాటు సేల్స్ టాక్స్, రిజిస్ట్రేషన్, టోయింగ్, అద్దె కారు ఖర్చులు కూడా అడగొచ్చు. బదులు కారు ఇస్తామన్నా, వద్దు డబ్బే కావాలనే హక్కు మీకుంది.

మళ్ళీ పవర్ పోతే నడపకండి, టో చేయించి డీలర్ దగ్గరకు పంపండి. టో రసీదు మీద తేదీ, చోటు రాయించుకోండి. పిల్లలుంటే ఈలోగా ఆ కారు ఫ్రీవే ఎక్కించకండి, దయచేసి. రిపేర్ ఆర్డర్లలో ఏం రాసి ఉందో ఇక్కడ పెడితే నాకు తెలిసినంతలో చూసి చెబుతాను.