మేత ఫ్యాక్టరీకి సీమ్‌లెస్ పైపా, వెల్డెడ్ పైపా? ఏ లైనుకి ఆ లెక్క వేసుకోండి

భీమవరం దగ్గర రొయ్యల మేత ఫ్యాక్టరీ కడుతున్నామండి, ఒక కాంట్రాక్టరేమో అన్ని లైన్లకీ సీమ్‌లెస్సే, అంటే పొడవునా అతుకు లేని పైపే వెయ్యాలంటున్నారు, ఇంకొకాయన ఈఆర్‌డబ్ల్యూ, అంటే రేకు చుట్టి కరెంటుతో అతికించిన వెల్డెడ్ పైపు చాలు మిగతాదంతా డబ్బు దండగ అంటున్నారు, ఎవరి మాట వినాలి అని అడిగారు కదా. తణుకు, పాలకొల్లు చుట్టుపక్కల ఉప్పుడు బియ్యం మిల్లుల్లో, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో చాలా ఏళ్లుగా పైపింగ్ పని చూసుకుంటున్నాను కాబట్టి చెప్తున్నానండి, ఇద్దరి మాటా పూర్తిగా వినకండి. లైను లైనుకీ విడిగా కూర్చుని చూడండి, లోపల ఏం పారుతుంది, ప్రెషర్ ఎంత, వేడి ఎంత, పైపు షెడ్డులో ఉంటుందా మట్టిలోనా ఉప్పుగాలికా, అంతే.

ముందు స్టీము సంగతి. బాయిలర్ నుంచి పెల్లెట్ మిల్లు (మేతని గుళికలుగా నొక్కే మిషను) దాకా వెళ్లే మెయిన్ లైనుకి సీమ్‌లెస్సే వెయ్యండి, వేడి లైన్లకి వాడే ఏఎస్‌టీఎమ్ ఏ106 గ్రేడ్ బి అనే స్టాండర్డుది, ఐబీఆర్ (బాయిలర్ రూల్స్) కాగితంతో సహా. ఇక్కడ మాత్రం బేరాల్లేవండి. స్టీము ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 3.5 కేజీలు దాటితే ఆ పైపు బాయిలర్ రూల్స్ కిందకి వచ్చేస్తుంది, డ్రాయింగ్ బాయిలర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు పాస్ చెయ్యాలి, వెల్డర్ కూడా సర్టిఫికెట్ ఉన్నవాడే అవ్వాలి. ప్రెషర్ తగ్గించే వాల్వు దాటాక 3.5 లోపే ఉండే చిన్న లైన్లుంటాయి చూడండి, వాటికి సి క్లాస్ (గోడ మందం ఎక్కువుండే హెవీ రకం) ఈఆర్‌డబ్ల్యూ వేసినా నాకేం అభ్యంతరం లేదు.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను, చాలామందికి తెలీదు. నాలుగించీల షెడ్యూల్ 40 (షెడ్యూల్ అంటే గోడ మందం తరగతి) పైపు బయటి కొలత 114.3 మిల్లీమీటర్లు, గోడ మందం 6.02. పది కేజీల ప్రెషర్‌కి ఫార్ములా ప్రకారం వేస్తే సీమ్‌లెస్‌కి కావలసిన మందం సుమారు 0.41 మిల్లీమీటర్లు, ఈఆర్‌డబ్ల్యూకి అతుకు ఉంది కాబట్టి బలాన్ని 0.85 వంతే లెక్కలోకి తీసుకుంటారు, అలా తీసుకున్నా 0.48 వస్తుందంతే! అంటే మన ఫ్యాక్టరీ ప్రెషర్లకి రెండూ ఎన్నో రెట్లు ఎక్కువే. మరి స్టీముకి సీమ్‌లెస్ ఎందుకూ అంటే రోజూ వేడెక్కడం చల్లారడం, లోపల నీళ్లు చేరి స్టీము తోసుకొచ్చి సుత్తితో కొట్టినట్టు దెబ్బలు పడటం, ఆ దెబ్బలకి పొడవునా అతుకు లేని పైపైతే ఒక భయం తగ్గుతుందండి. అలాగని సీమ్‌లెస్ అన్నిట్లోనూ గొప్పేం కాదు. కాలిన కడ్డీ మధ్యలోంచి కన్నం పొడిచి తీస్తారు కాబట్టి గోడ మందం ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువ వస్తుంది, చెప్పిన మందం కంటే 12.5 శాతం దాకా తక్కువున్నా స్టాండర్డ్ ఒప్పుకుంటుంది. ఈఆర్‌డబ్ల్యూ అయితే రేకు చుట్టి అంచులు బాగా వేడెక్కించి నొక్కి అతికిస్తారు, మందం చుట్టూ ఒకేలా ఉంటుంది. ఇంకా పెద్ద సైజుల్లో రేకుని మెలితిప్పి చేసే స్పైరల్ పైపులుంటాయి, అచ్చం మన కొబ్బరాకు బూర చుట్టినట్టే, నీళ్ల లైన్లకి అవి భేషుగ్గా పనిచేస్తాయి.

నీళ్లు, గాలి, ఫైర్ హైడ్రెంట్ వీటన్నిటికీ ఐఎస్ 1239 (మన దేశపు పైపుల స్టాండర్డు) ఈఆర్‌డబ్ల్యూ చాలు. నీలం పట్టీ ఉంటే మీడియం, ఎర్ర పట్టీ ఉంటే హెవీ. మట్టిలో వెళ్లే ముక్కకి మాత్రం కోల్‌టార్ టేపు చుట్టించండి, మన డెల్టా నేల ఎప్పుడూ తడే.

మన దగ్గర పైపుని తినేసేది ప్రెషర్ కాదండీ, తుప్పు. 2014 జూన్ 27న కోనసీమలో నగరం అనే ఊళ్లో గెయిల్ గ్యాసు పైపు పేలి ఏం జరిగిందో మన జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు, 20 మందికి పైగా పోయారు, తడి గ్యాసుతో వచ్చిన నీళ్లు లోపల చేరి పైపు తుప్పు పట్టి లీకయ్యింది. అందుకే పైపు కొనేటప్పుడే లోపల నీరు నిలిచే పల్లం ఎక్కడుంది, డ్రెయిన్ ఎక్కడ పెట్టాలి, మందం ఏడాదికోసారి ఎవరు కొలుస్తారు అన్నది కూడా మాట్లాడుకోవాలని అందరికీ చెప్తుంటాను.

ఉప్పు నీళ్ల దగ్గర ఈఆర్‌డబ్ల్యూకి ఇంకో రోగం ఉంది. ఒక ఐస్ ప్లాంటులో బ్రైన్ లైను కోసి చూస్తే మిగతా పైపంతా బాగానే ఉంది, అతుకు వెంబడి మాత్రం కత్తితో గీసినట్టు సన్నగా లోతుగా తినేసింది. అతుకు దగ్గర ఇనుము గుణం కొంచెం మారుతుంది, తర్వాత సరిగ్గా వేడి చేసి చల్లార్చకపోతే ఉప్పు అక్కడే పట్టుకుంటుంది. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆ లైనుకి అసలు ఇనుము జోలికే పోకండి, హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు వేసేయండి. రేపెప్పుడైనా ఫ్రీజింగ్ ప్లాంటు కూడా పెడితే అమోనియా మైనస్ 40కి దిగే వైపు ఏ106 కూడా పనికిరాదు, దాన్ని మామూలుగా మైనస్ 29 దాకే వాడతారు, అతి చలికి వాడే ఏ333 గ్రేడ్ 6 అడగండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. లోపలి అతుకు గీసేసిన ఈఆర్‌డబ్ల్యూని సీమ్‌లెస్ అని అంటగట్టేవాళ్లున్నారు, ఒక మిల్లుకి వచ్చిన లోడులో నేను పట్టుకున్నాను, వెనక్కి పంపించేశాం. ముందు టార్చి వేసి లోపల పొడవునా గీత ఉందేమో చూడండి. మందం కొలిచే మీటరుతో చుట్టూ నాలుగు చోట్ల పెట్టండి, అన్నిచోట్లా మరీ ఒకేలా వస్తే అనుమానించండి. అప్పటికీ తేలకపోతే చిన్న రింగు కోసి అంచు నున్నగా రుద్ది, నైట్రిక్ యాసిడ్ కలిపిన స్పిరిట్ పూస్తే అతుకుంటే గీత బయటపడిపోతుంది, ఇది మాత్రం ల్యాబ్‌లోనే చేయించండి, ఇంటి దగ్గర వద్దు. పైపు మీద కొట్టిన హీట్ నంబరూ (ఏ విడత ఉక్కుతో చేశారో చెప్పేది) టెస్ట్ సర్టిఫికెట్‌లో హీట్ నంబరూ ఒకటేనా అని లారీ దిగకముందే చూడండి, జిరాక్సు చూపించి ఒరిజినల్ తర్వాత ఇస్తామంటే దింపనివ్వకండి.

రేటు విషయానికి వస్తే పైపుని కేజీల్లో అమ్ముతారు కాబట్టి బరువు మీరే వేసుకోవచ్చు, బయటి కొలతలోంచి మందం తీసేసి, మళ్లీ మందంతో గుణించి, 0.02466తో గుణిస్తే మీటరుకి కేజీలు. పైన చెప్పిన నాలుగించీల పైపు 16.07 వస్తుంది. మీ ఇద్దరు కాంట్రాక్టర్లనీ లైను పేరు, సైజు, మందం, స్టాండర్డ్, మీటర్లు విడివిడిగా రాసిమ్మనండి. మీ బాయిలర్ ప్రెషరూ ఆ రెండు కొటేషన్లూ ఇక్కడ పెడితే ఏ లైనుకి ఏది ఉంచాలో ఏది మార్చాలో నేను కూర్చుని చూసి చెప్తానండి.