పాత కొలుముల మీద పరిశోధనతో అధ్యాపక వృత్తిలో నిలబడవచ్చా?

పురావస్తు శాస్త్రంలో ఎం.ఏ. చదువుతూ, పాత గనులు, మిల్లులు, కొలుముల మీద పరిశోధన చేస్తే అధ్యాపక వృత్తిలో నిలబడవచ్చా అని అడిగారు. నిలబడవచ్చు. అయితే పారిశ్రామిక పురావస్తు శాస్త్రం అన్న పేరుతో ఇక్కడ ఉద్యోగ ప్రకటన వెలువడుతుందని ఎదురుచూడవద్దు. అమెరికాలో మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయం ఇందులో పట్టాలిస్తోంది. మన దగ్గర చరిత్ర శాఖలోనో, పురావస్తు శాఖలోనో చేరి ఈ పని చేసుకోవలసిందే.

ఆ పని ఎలా ఉంటుందో తెలియాలంటే నిజామాబాదు జిల్లా కోనసముద్రం వెళ్ళి చూడండి. బ్రిటిషు వారు భారతదేశాన్ని కొలవడానికి చేపట్టిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వాయిసే అక్కడ ఉక్కు తయారీని స్వయంగా చూసి రాసిన వివరణ, ఆయన మరణానంతరం 1832లో అచ్చయింది. పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చి కొనుక్కుపోయిన ఉక్కు అది.

ఆ ప్రాంతంలో ఒక వృద్ధ కమ్మరి నన్ను తన చేను గట్టు మీదకు తీసుకువెళ్ళి, మట్టిలోంచి పిడికెడంత పెంకు తీసి, రాతికేసి కొట్టి రెండుగా పగలగొట్టారు. లోపలివైపు గాజులా మెరుస్తోంది. కరిగిన లోహం ఎంత ఎత్తున నిలిచిందో తెలిపే గీత స్పష్టంగా కనిపిస్తోంది. విరిగిన అంచున నల్లటి చుక్కలున్నాయి. "గిది చిట్టెం గాదు బిడ్డా, మూస పెంకు. గీ నల్లగున్నది వడ్ల ఊక. ఊక కలపకుంటే మంటకు మట్టి ఆగది," అన్నారు. చిట్టెం అంటే ఇనుము తీయగా మిగిలే వ్యర్థం, మూస అంటే ఉక్కు కరిగించే మట్టి పాత్ర. మూసల మట్టిలో ఊక ఉందని ప్రయోగశాలలు నిర్ధారించిన సంగతి నేను చదివే ఉన్నాను. ఆయనకు అది తాతల నుంచి విన్న మాట. ఏ చేలో మూస పెంకులు ఎక్కువ, ఏ దిబ్బ ఉత్త ఇనుము కరిగించినప్పటి చిట్టెం అన్నది కూడా ఆయన నడుస్తూనే చెప్పుకుంటూ పోయారు. కమ్మరులతో మాట్లాడకుండా నమూనాలు మాత్రమే సంచిలో వేసుకుని తిరిగి వచ్చే పరిశోధకుడి పని సగం కూడా పూర్తయినట్టు కాదని నా గట్టి అభిప్రాయం.

చిట్టెం దిబ్బలను రోడ్ల కింద పరచడానికి ట్రాక్టర్లలో తరలించుకుపోవడం నేను చూశాను. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు. ఒక ఎంపిక కమిటీలో నా పరిశోధన గురించి అడిగిన మొదటి ప్రశ్న, ఇందులో గుడి గానీ శాసనం గానీ ఉందా అని. పురాతన కట్టడాల రక్షణకు కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 1958 చట్టం కూడా కనీసం నూరేళ్ళు నిలిచిన కట్టడాన్నే ప్రాచీనమని గుర్తిస్తుంది. 1934లో వరంగల్‌లో వెలసి 2002లో మూతపడిన ఆజం జాహీ బట్టల మిల్లుకు ఆ రక్షణ ఎలా దొరుకుతుంది? వేలమంది బతుకులు ముడిపడిన చోటును వయసు చాలలేదని వదిలేయడం అన్యాయం.

కాబట్టి లోహశాస్త్రం ప్రాథమికంగానైనా నేర్చుకోండి. నిజాం కాలపు దస్త్రాలు చదవడానికి ఉర్దూ తప్పనిసరి. లఘు పరిశోధనకు మీ జిల్లాలోనే మూతపడిన ఒక మిల్లును ఎంచుకుని, యంత్రాలు తుక్కు కిందకు పోకముందే కొలతలు, ఛాయాచిత్రాలు తీసుకోండి. అక్కడ పనిచేసిన పెద్దల మాటలను ఈ వేసవిలోనే రికార్డు చేయండి. ప్రవేశ దరఖాస్తుల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.